నాలుగు గంటల నక్షత్రం

పట్నం విడిచి వచ్చి ఏడాది దాటినా, వనపర్తి బడిలో గంట కొట్టినప్పుడల్లా కృష్ణయ్యకు అబ్జర్వేటరీ గడియారమే చెవిలో మోగేది. పిల్లలకు ఉర్దూలో గుణకారపు లెక్కలు చెప్తూ చెప్తూ ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేవాడు. కుడిచేతి వేళ్ళు వాటంతటవే గాలిలో మెల్లగా తిరిగేవి. దూరదర్శిని కింద ఉండే ఇత్తడి చక్రాన్ని తిప్పేటప్పుడు వేళ్ళు అట్లాగే కదలాలి. వెంట్రుకవాసి తిప్పితే నక్షత్రం అద్దం ముందు కట్టిన సాలెపోగు గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. జర ఎక్కువ తిప్పితే జారిపోతుంది.

వీపనగండ్లలో రైతు కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వాడలోనే పట్టా పుచ్చుకున్న మొదటివాడు కృష్ణయ్య. చదువు అయిన తరువాత నాలుగు నెలలు జీతం లేకుండా అబ్జర్వేటరీలో పని నేర్చుకున్నాడు. నేర్పిన మనిషి అబ్రహాం. మానవపాడు దిక్కు మనిషి, అక్కడ పాత సహాయకుడు. "తమ్మీ, చుక్కను చూసుడు ఎవనికైన వస్తది. చూసింది చూసినట్ల రాసుడే కష్టం" అనేవాడు. నాలుగు నెలలు నిండగానే కృష్ణయ్య నాయన చనిపోయాడు. ఇంటికి జీతం కావాలి. వనపర్తిలో పంతులు కొలువు దొరికింది. చేరిపోయాడు. దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పెద్దకొడుకు చేయాల్సిన పనే కదా.

1937లో దసరాకు పది రోజుల ముందు అబ్రహాం దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సహాయకుని కొలువు ఒకటి ఖాళీ పడిందనీ, ముగ్గురు అడుగుతున్నారనీ, అందులో కృష్ణయ్య పేరు కూడా తాను ఇచ్చాననీ రాశాడు. అబ్జర్వేటరీ పెద్దసారు ముగ్గురికీ ఒకటే పరీక్ష పెట్టాడట. అల్గోల్ అనే నక్షత్రాన్ని రెండు నెలలు వట్టి కళ్ళతో చూసి, దాని వెలుగును రోజూ రాసి, ఆ లెక్కలూ గీతా గీసిన కాగితమూ పంపాలి. "ఎవని కన్ను వానిదే. ముందుగల్ల లెక్కగట్టి చూడొద్దు" అని చివర రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

అల్గోల్ విచిత్రమైన నక్షత్రం. రెండున్నర రోజులకు పైగా నిలకడగా వెలుగుతుంది. ఆ తరువాత ఐదు గంటల్లో మసకబారి, మరో ఐదు గంటల్లో మళ్ళీ తేరుకుంటుంది. ఒక మసక నుంచి ఇంకో మసక దాకా రెండు రోజుల ఇరవై గంటల నలభైతొమ్మిది నిమిషాలు. పక్కనున్న నిలకడ నక్షత్రాలతో పోల్చి, ఇవాళ దేనంత ఉంది అని చెప్పడమే పని. దానికి యంత్రం అక్కరలేదు. కానీ ఆ మసక సాయంత్రమే వస్తుందన్న నమ్మకం లేదు. అర్ధరాత్రి రావచ్చు, తెల్లవారుజామున రావచ్చు, పట్టపగలు కూడా రావచ్చు. సాయంత్రం ఒక్కసారే చూస్తే చాలా మసకలు తప్పిపోతాయి.

వనపర్తిలో కృష్ణయ్య అద్దెకున్న ఇంటి యజమాని రాత్రి పదింటికి వీధి తలుపుకు తాళం వేసి, తెల్లవారిన తరువాత తీసేవాడు. ఎంత బతిమాలినా వినలేదు. "నీ చుక్కల కోసం నా ఇల్లు దొంగలకు అప్పజెప్పాల్నా పంతులూ?" అన్నాడు.

అప్పుడు అతనికి భార్య గుర్తుకొచ్చింది. ఈదమ్మ వీపనగండ్లలో అత్త దగ్గర ఉంటుంది. రోజూ నాలుగింటికే లేచి జొన్నలు విసురుతుంది. విసుర్రాయి ఉన్న సాయబాను వసారా ఉత్తరం దిక్కుకు తెరిచి ఉంటుంది.

దసరా సెలవుల్లో ఇంటికి పోయి ఆమెకు నక్షత్రాన్ని చూపించాడు. అల్గోల్ పక్కన మూడింటిని ఎంచి గుర్తులు చెప్పాడు. ఈదమ్మ వాటికి తన లెక్కన పేర్లు పెట్టుకుంది.

"గది పెద్దామె. గది నడిపామె. గీ మూలకు ఉన్నది చిన్నామె. ముగ్గురు తోటికోడండ్లు. నడుమ గీమె ఎవరు, ఆడిబిడ్డనా?"

"ఆడిబిడ్డ అనుకో. రోజూ ఆమె ఎవరంత ఉన్నదో చూడాలె, గంతే. పెద్దామె అంత ఉంటే గోడ మీద ఒక చుక్క. నడిపామె అంత ఉంటే రెండు. చిన్నామె అంతకు పడిపోతే మూడు."

"ఎందుకు తగ్గుతదట? కోపమొస్తదా?"

"దాని సుట్టు ఇంకోటి తిరుగుతది. అడ్డమొస్తది."

"గట్ల జెప్పు. సవతి" అని ఈదమ్మ నవ్వింది.

చేతిగడియారం ఆమెకే ఇచ్చాడు. పట్నంలో ఉన్నప్పుడు కొన్నది, అతనికున్న ఒకే ఒక్క విలువైన వస్తువు. చిన్న ముల్లు నాలుగు మీద ఉన్నప్పుడు చూడాలని చెప్పాడు. విసుర్రాయి పక్క గోడ మీద బొగ్గుతో ఎనిమిది వరుసలు గీశాడు. వరుసకు ఏడు గడులు, సోమవారం నుంచి ఆదివారం దాకా. ఏ రోజు గడిలో ఆ రోజు సున్నం చుక్క పెట్టాలి. ఈదమ్మకు చదువు రాదు కానీ వారాల వరుస తెలుసు.

కృష్ణయ్య తల్లి బాలనాగమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూసింది. "పట్నం పోయి సదివినోడు సుక్కలు లెక్కవెట్టవట్టె. కోడలు గోడకు సున్నం పూయవట్టె. నాకు గిట్ల ఏదన్న పని జెప్పు నాయనా, ఊకె కూసున్న" అంది.

ఆనాటి నుంచి అదే వరుస. కృష్ణయ్య వనపర్తిలో రాత్రి ఎనిమిదింటికి బడి ఆవరణలో నిలబడి చూసి, బడి గడియారం ప్రకారం రాసుకునేవాడు. గురువారం బడి విడవగానే సైకిలెక్కి పది క్రోసులు తొక్కి ఊరు చేరేవాడు. అలిసిపోయి పడుకుంటే తెల్లారినాకే మెలకువ. శుక్రవారం సెలవు. గోడ మీది చుక్కలు నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఒక పూట పొలం చూసుకుని, సాయంత్రానికి మళ్ళీ వనపర్తి.

నోటుబుక్కులో అన్నిటికీ తన పేరే రాసుకున్నాడు. కన్ను ఆమెదైతేనేం, నేర్పింది తానే, రాసింది తానే. కొలువు వస్తే ఆమెకూ మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాడు. అబ్రహాం గీసిన రెండు గీతలు అప్పుడప్పుడూ కళ్ళ ముందు మెదిలేవి. అప్పుడు పుస్తకం మూసేసేవాడు.

ఇంకొకటి కూడా చేశాడు. ఎప్పుడు మసకలు రావాలో ముందుగానే లెక్కగట్టి చిన్న చీటీ మీద రాసుకుని అంగీ జేబులో పెట్టుకున్నాడు. అది వద్దన్న పని. కానీ అది జేబులో ఉంటే ధైర్యంగా ఉండేది. అబ్జర్వేటరీలోని ఆ గోపురమూ, తెరుచుకునే దాని పైకప్పూ, నూనె వాసనా, అవన్నీ ఆ చీటీ దూరంలో ఉన్నట్టు అనిపించేది. రాత్రి చాప మీద పడుకుంటే, గోపురం లోపల చలిలో నిలబడి ఉన్నట్టే ఉండేది. లేచి చీటీ చూసుకుని మళ్ళీ పడుకునేవాడు.

నవంబరు చివర్లో ఒక గురువారం రాత్రి ఊరికి వచ్చినప్పుడు, అప్పటిదాకా పోగైన అంచనాలన్నీ గీతల కాగితం మీద పెట్టాడు. మర్నాడు పొద్దున సాయబాన్లో కూర్చుని దాన్నే చూస్తుంటే ఈదమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"గిదేంది?"

"గద్వాల చీరను మడతవెడితే అంచు మీద అంచు పడుతది సూడు, ఒక పువ్వు మీద ఇంకో పువ్వు. గట్లనే రోజులన్నీ మడతవెట్టిన. మడత వెడల్పు రెండు రోజుల ఇరవై గంటల నలభైతొమ్మిది నిమిషాలు. సరిగ్గ మడిస్తే మసకలన్నీ ఒక్కకాడ పడాలె."

"పడ్డయా?"

అతను కాగితం మీద వేలు పెట్టి ఇంకోసారి చూసుకున్నాడు. తన సాయంత్రం చుక్కలు వెలుగు తగ్గి పెరిగే గీత మీద ముత్యాల్లా పడ్డాయి. ఆమె తెల్లవారుజాము చుక్కల్లో మసకవి నాలుగు. ఆ నాలుగూ గీతకు ఎంతో దూరంగా, నక్షత్రం నిండుగా వెలగాల్సిన చోట పడ్డాయి. సరిగ్గా మసక ఉండాల్సిన చోట ఆమె నిండు వెలుగు పెట్టింది. ఆరు వారాల కష్టం. ఇంకో నాలుగు వారాల్లో పంపాలి. కృష్ణయ్య కాగితాన్ని ఆమె ముందుకు నెట్టాడు.

"నిద్రమత్తుల పెట్టినవా ఏంది గివి?"

"చూసే పెట్టిన."

"చూస్తే గిట్లెందుకు పడ్తయి? నేను మొన్నటి వారం వచ్చిననాడు శుక్రవారం గడి ఖాళీగ ఉండె. ఇయ్యాల వచ్చి చూస్తే నిండి ఉంది. నాలుగింటికి పెట్టనిది నేను పోయినంక ఎట్ల నిండింది? చూడకుండ పెట్టినవ్ గదా?"

"చూసే పెట్టిన అంటున్న గదయ్యా."

"అబద్ధమాడకు. తెల్వకుంటె తెల్వదని చెప్పు. నా బతుకు దీని మీద ఉన్నది."

ఈదమ్మ లేచి లోపలికి పోయింది. కాసేపటికి చేతిగడియారం తెచ్చి కాగితం మీద పెట్టి, చేద తీసుకుని నీళ్ళకు పోయింది. బాలనాగమ్మ గడపలో నుంచి కొడుకును చూసి, "నోరు జారినవ్ బిడ్డా" అని మాత్రం అంది.

వనపర్తి తిరిగి వచ్చి ఆమె చుక్కలన్నీ కొట్టేశాడు. మిగిలినవి తనవే. అందంగా ఉన్నాయి కానీ పలచగా ఉన్నాయి. ఇన్ని వారాలకు చేతికి దొరికిన మసకలు నాలుగైదు. పట్నంలో మిగిలిన ఇద్దరూ మేడ మీద పడుకుని రాత్రికి మూడుసార్లు లేచి చూస్తుంటారు. ఇట్లా పంపితే గోపురం మీద ఆశ వదులుకోవాల్సిందే.

వారం తిరగకముందే రంజాన్ సెలవులు వచ్చాయి. ఇంటికి వచ్చాడు. ఈదమ్మ మాట్లాడుతున్నదే కానీ, అడిగినదానికి జవాబు అన్నట్టే. గోడ మీద గడులు ఖాళీగా ఉన్నాయి. శనివారం రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. దీపం పెట్టుకుని సాయబాన్లో లెక్కలు చేస్తూ కూర్చున్నాడు. నాలుగు గంటలకు ఈదమ్మ అలవాటు ప్రకారం లేచి వచ్చింది. అతన్ని చూసి కూడా చూడనట్టు విసుర్రాయి ముందు కూర్చుంది.

ముఖం వాడిపోయి ఉంది. శనివారాలు ఆమె మల్దకల్ తిమ్మప్పకు ఒక్కపొద్దు ఉంటుంది. సందెవేళ తిన్న ఒక్క రొట్టే. కృష్ణయ్యకు మనసు చివుక్కుమన్నది. లేచి పోయి ఉట్టి మీది నుంచి సద్ది రొట్టె, ఇంత మజ్జిగ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పెళ్ళయిన ఐదేండ్లలో అతను ఆమెకు పెట్టడం అదే మొదలు.

"తిను. తినంగనే విసురుదువు."

ఈదమ్మ అతని ముఖం దిక్కు చూసింది. "గిప్పుడెట్ల తింట? ఒక్కపొద్దు గదా."

"ఒక్కపొద్దు నిన్న. శనివారం. ఇయ్యాల ఆదివారం పడ్డది."

"యాడ పడ్డది? పొద్దు పొడవందే ఆదివారం యాడికెల్లి వస్తది? పొద్దు పొడిచేదాక శనివారమే."

"పన్నెండు కొట్టంగనే మారుతది."

"నీ గడియారానికి మారుతదేమో. తిమ్మప్పకు మారది."

ఆమె జొన్నలు పోసి రాయి తిప్పబోయింది. కృష్ణయ్య రాయి పిడి పట్టుకుని ఆపాడు.

"ఈదమ్మా, గిప్పుడు చుక్క పెట్టాల్నంటే ఏ గడిల పెడతవ్?"

"నేను పెట్టను."

"పెట్టొద్దు. పెడితే యాడ పెడతవో చెప్పు."

ఈదమ్మ మొండిగానే చెయ్యి చాపి శనివారం గడి చూపించింది.

కృష్ణయ్య ఆ గడినీ తన పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. అతని పుస్తకంలో ఆ గడి నిన్నటి తెల్లవారుజాము. ఆమె లెక్కన అది ఈ తెల్లవారుజాము. ప్రతి చుక్కా ఒక రోజు వెనక్కి రాసుకున్నాడు. శుక్రవారం గడి అతను ఉన్నప్పుడు ఖాళీగా ఉండక ఏమవుతుంది? ఆమెకు శుక్రవారం ఇంకా అయిపోలేదు. అతను వెళ్ళిన మర్నాడు పొద్దు పొడవకముందు లేచి, చూసి, ఆ గడి నింపింది. పని నేర్పేటప్పుడు అబ్రహాం చెప్పిన ఇంకో మాట అప్పుడు గుర్తుకొచ్చింది. చెదిరిన తప్పు కంటిది, ఒక్కచోట కుప్పపడ్డ తప్పు గడియారానిదో తారీఖుదో. ఆమె నాలుగు మసకలూ ఒక్కచోటే కుప్పపడ్డాయి. ఇన్ని వారాలు పుస్తకం ముందు కూర్చుని తాను ఆ మాట ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

దీపం దగ్గరికి పోయి ఆమె చుక్కలన్నీ ఒక్క రోజు ముందుకు జరిపాడు. నాలుగు మసకలూ ఒకటొకటిగా వచ్చి గీత అడుగున పడ్డాయి. అయితే తన చుక్కల్లా గీత మీద సరిగ్గా కాదు. ఒకటి జర పైన, ఒకటి జర కింద, వణికే చేత్తో ముగ్గు పెట్టినట్టు.

"నీయి తప్పు గాదు. నేను తప్పు రాసుకున్న" అన్నాడు.

"నేను చూసే పెట్టిన అన్న గదా."

"అన్నవ్. నేను వినలే."

ఈదమ్మ రొట్టెను పక్కకు జరిపి విసరడం మొదలుపెట్టింది. రాయి నాలుగు చుట్లు తిరిగిన తరువాత, "నీకు కొలువొస్తే నన్ను తోల్కపోతవా?" అని అడిగింది.

"మొదలు ఇల్లు ఇయ్యరు. రెండేండ్లు పట్టొచ్చు."

"ఎరుకే. అత్తమ్మ చెప్పింది."

"ఎరుకయ్యి కూడ రోజూ లేచి చూసినవా?"

"నాలుగింటికి ఎవ్వరుండరు. పిలిచేటోళ్ళు లేరు, పనిజెప్పేటోళ్ళు లేరు. తలకాయెత్తి చూస్తె ఆ జర సేపు నాది" అంది ఈదమ్మ. తరువాత గొంతు తగ్గించి, "మల్ల నువ్వడిగినవ్ గదా" అంది.

పొద్దు పొడిచింది. ఆమె చేతులు దులుపుకుని రొట్టె తిన్నది.

ఆ వారమంతా కృష్ణయ్య శుద్ధప్రతి రాశాడు. ఇప్పుడు లెక్క నిండుగా ఉంది. పట్నం వాళ్ళ దానికి ఏమాత్రం తీసిపోదు. అన్నీ తన పేరున పంపితే కొలువు వచ్చే అవకాశం చాలా ఉంది. ఆమె పేరు రాస్తే, మిగిలే తన వాటా పలచబడుతుంది. ఎవని కన్ను వానిదే అన్నారు కనుక పరీక్షలో నిలవకపోవచ్చు. ఒక రాత్రంతా కలం పట్టుకుని కూర్చున్నాడు. గోపురం తెరుచుకునే చప్పుడు చెవిలో వినబడుతూనే ఉంది. కానీ చూడకుండా పెట్టినవని ఆమెను అన్నాడు. ఆమె చూసి పెట్టింది. ఇప్పుడు తాను చూడనివి చూసినట్టు రాస్తే, ఆ మాట ఎవరికి తగులుతుంది? తెల్లారేసరికి ఆమె చుక్కల ఎదురుగా 'ఈదమ్మ' అని రాశాడు. తారీఖు పొరపాటు ఎట్లా జరిగిందో కూడా కింద వివరించాడు.

"నా పేరెందుకు? నీ కొలువు పోతదేమో" అంది ఈదమ్మ.

"పోతే పోతది" అన్నాడు. అన్నంత తేలికగా లేదు.

జవాబు మార్చి మొదట్లో వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. కొలువు వేరొకరికి ఇవ్వబడినది. పంపిన పరిశీలనలకు కృతజ్ఞతలు. ఆ కాగితం వెనుక అబ్రహాం తెలుగులో సన్నని అక్షరాలతో రాశాడు.

"తమ్మీ, పరేషాన్ గాకు. నీ లెక్కలు పెద్దసారు రెండుసార్లు చూసిండు. నీకు కొలువు రానిది నీ భార్య పేరు రాసినందుకు గాదు. దానికి సంతోషపడ్డడు. ఆమె చుక్కలు జర వణుకుతయి. నిజంగ చూసిన కన్ను గట్లనే వణుకుతది. నీయి వణకలే. ప్రతి మసకా లెక్కగట్టిన గడియకే పడ్డది. జేబుల చీటీ పెట్టుకొని చూసినవ్ గదా? నేను గూడ ఒకప్పుడు పెట్టుకున్న, గందుకే ఎరుక. ఏదైన మస్తు కావాల్ననుకుంటే కన్ను దాన్నే చూస్తది. ఆమెను చూడమను. నువ్వు గూడ చూడు. ఈసారి లెక్క లేకుండ."

కృష్ణయ్య ఆ ఉత్తరాన్ని బడిలో చదివాడు. గంట కొట్టారు. పిల్లలు లోపలికి వచ్చారు. ఆ రోజు కూడా గుణకారాలే చెప్పాడు. గురువారం సైకిలు మీద ఊరికి పోయి, ఉత్తరం మొత్తం ఈదమ్మకు చదివి వినిపించాడు. చీటీ మాట కూడా దాచలేదు.

"అయితే పోతలేవా?" అంది ఆమె.

"పోతలే."

ఈదమ్మ కళ్ళు దించుకుంది. సంతోషాన్ని దాచుకోవడానికో, అతని ముఖం చూడలేకో, అది అతనికి తెలియలేదు. అడగలేదు.

అన్నం తిన్నాక ఇద్దరూ సాయబాను బయటికి వచ్చారు. మార్చి నెల కదా, చీకటి పడేసరికే అల్గోల్ పడమటికి వాలి ఉంది. ఇంకో నెలన్నరకు పొద్దు వెలుగులో కలిసిపోతుంది. మళ్ళీ ఆషాఢం దాకా కనబడదు. చీటీ లేదు. ఇవాళ మసక రావాలో వద్దో కృష్ణయ్యకు తెలియదు. లెక్కగట్టడానికి మనసు దానంతటదే పరుగెత్తబోయింది. పట్టి ఆపాడు. మసకబారితే బాగుండునని లోపల ఒక కోరిక పుట్టింది. గోపురంలోకి మళ్ళీ అడుగుపెట్టాలన్న కోరికలాగే, అది కూడా ఎవరు చెప్పినా పోయేది కాదు. దాన్ని అక్కడే ఉండనిచ్చి, తలెత్తి పెద్దామెను చూశాడు, నడిపామెను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరంత ఉన్నది?" అంది ఈదమ్మ.

"ఆగు. జర చూడనియ్." ఇంకోసారి పెద్దామె దిక్కు చూసి, "పెద్దామె కంటె వీసమంత తక్కువ అనిపిస్తున్నది" అన్నాడు.

"నాకైతే పెద్దామె అంతనే ఉన్నది."

"నీకు గట్లనే కనవడ్డదా?"

"గట్లనే."

అతను లోపలికి పోయి దీపం వెలుగులో పుస్తకం తెరిచి, రెండు పేర్లు రాసి, ఎవరి పేరు కింద వాళ్ళు చూసింది రాశాడు.